రిఫరల్‌కి రేటెంత అని అడిగే తమ్ముళ్ళకి

పోయిన వీడియో కింద ఒక కామెంట్ వచ్చింది. "అన్నా, ఇప్పుడు రిఫరల్‌కి ఎంత నడుస్తోంది?" అని. అంటే కంపెనీలో పనిచేసేవాడు ఉద్యోగానికి మన పేరు లోపలికి పంపాలంటే ఎంత ఇవ్వాలి అని. రైతుబజార్లో టమాటా ధర అడిగినట్టు. దాని కింద ఒకాయన లక్షన్నర అన్నాడు, ఇంకొకాయన కంపెనీని బట్టి ఉంటుందన్నాడు, మూడో ఆయన "డీఎం చెయ్యి బ్రో" అన్నాడు. మూడో ఆయన్ని బ్లాక్ చేశాను. మొదటి తమ్ముడి మీద మాత్రం నాకు కోపం రాలేదు. ఇంజనీరింగ్ అయిపోయిన ఏడాది నేనూ అచ్చం ఇలాగే అనుకునేవాణ్ణి. రిఫరల్ అంటే రికమండేషన్, రికమండేషన్ అంటే ఎమ్మెల్యే లెటర్, అది మనలాంటోళ్ళకి దొరకదు, దొరికితే డబ్బుకే దొరుకుతుంది అని. ఆ ఒక్క అపోహతో ఎనిమిది నెలలు ఎవర్నీ ఏమీ అడక్కుండా, రోజుకు నలభై అప్లికేషన్లు పెట్టుకుంటూ హాస్టల్ రూములో కూర్చున్నాను. అందుకే ఈ వీడియో.

దీన్ని నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో చెప్తాను. మా తాతయ్య సంబంధాలు చూసేవాడు. తణుకు పక్కన చిన్న ఊరు మాది, చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో ఎవరింట్లో పెళ్ళీడు పిల్లలున్నారో ఆయనకి తెలుసు. ఒక రూళ్ళ నోటుబుక్కు ఉండేది, అందులో పేరు, వయసు, ఎత్తు, నక్షత్రం, గోత్రం, చదువు, పొలం, అన్నీ రాసుకునేవాడు. రూపాయి తీసుకునేవాడు కాదు. పెళ్ళి కుదిరితే బట్టలు పెట్టేవాళ్ళు, అంతే.

ఇప్పుడు చూడండి. తాతయ్య ఏం చేస్తాడు? అబ్బాయి ఇంటికి వెళ్ళి ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళ అమ్మాయి ఉంది, నాకు తెలిసిన కుటుంబమే, ఒకసారి చూడండి అంటాడు. పెళ్ళిచూపుల వరకే ఆయన పని. అమ్మాయికి అబ్బాయి నచ్చకపోతే తాతయ్య కాదు కదా తాతయ్య తాత వచ్చినా పెళ్ళి జరగదు.

రిఫరల్ అంటే సరిగ్గా ఇదే. కంపెనీలో పనిచేసేవాడు తన లోపలి పోర్టల్‌లో లాగిన్ అయ్యి, ఆ పోస్టు జాబ్ ఐడీ కింద మీ పేరు, మీ రెజ్యూమె ఎక్కిస్తాడు. దాంతో హెచ్ఆర్ దగ్గరున్న వందల రెజ్యూమెల్లో మీది ఎవరో ఒక ఉద్యోగి పంపిందిగా విడిగా కనిపిస్తుంది, తెరిచి చూసే అవకాశం పెరుగుతుంది. అక్కడితో రిఫరల్ పని అయిపోయింది. టెస్టు మీరే రాయాలి, ఇంటర్వ్యూ మీరే ఇవ్వాలి. రిఫర్ చేసినవాడు ఆ ప్యానెల్లో ఉండడు, చాలాసార్లు మీ రిజల్ట్ కూడా అతనికి మీరు చెప్తేనే తెలుస్తుంది. (మా ఫ్రెండొకడు పదకొండు మందిని రిఫర్ చేశాడు, తొమ్మిది మంది తర్వాత ఏమైందో కూడా చెప్పలేదట. ఇదేం పద్ధతి?)

మరి కంపెనీలు ఎందుకు రిఫర్ చెయ్యమంటాయి? డబ్బు కోసమే, కానీ మీరనుకునే దిక్కు నుంచి కాదు. కన్సల్టెన్సీ ద్వారా మనిషిని తీసుకుంటే మన దేశంలో మామూలుగా నడిచే ఫీజు ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం. అది కంపెనీ కట్టాలి. అదే మనిషిని తన ఉద్యోగే తీసుకొస్తే ఆ ఫీజు మిగులుతుంది, అందులో కొంత ఉద్యోగికి బోనస్‌గా ఇస్తుంది. అది కూడా మీరు చేరి, కొన్ని నెలలు నిలబడ్డాకే. అంటే డబ్బు కంపెనీ నుంచి రిఫర్ చేసినవాడి దిక్కు పోతుంది. మీ జేబులోంచి ఎటూ పోదు. పెళ్ళి అయ్యాక తాతయ్యకి బట్టలు పెట్టడం లాంటిది అనుకోండి.

ఇంక బ్యాక్‌డోర్, అంటే డబ్బు కట్టి దొడ్డిదారిన ఉద్యోగం. "పెళ్ళి ఖాయం, ముందు రెండు లక్షలు కట్టండి, అమ్మాయిని తర్వాత చూపిస్తాను" అని ఎవరైనా వస్తే మీ అమ్మ ఏం చేస్తుంది? చీపురు తీసుకుంటుంది. మరి అదే మాట ఉద్యోగం గురించి చెప్తే మన ఇళ్ళల్లో బంగారం తాకట్టు పెట్టి మరీ ఎందుకు కడుతున్నారు? నాకిది అర్థం కాదు. ఆఫర్ లెటర్ అంటే కలర్ ప్రింటు తీసిన కాగితం. మెయిల్ ఏ డొమైన్ నుంచి వచ్చిందో చూడండి, జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపే పెద్ద కంపెనీ లేదు. ట్రైనింగ్ ఫీజు అన్నా, సెక్యూరిటీ డిపాజిట్ అన్నా, లాప్‌టాప్ చార్జీలు అన్నా పేరు మారుతుందే కానీ అదే దొంగ.

సరే, అసలు ఆసక్తికరమైన చోటికి వద్దాం. "మాకు ఐటీలో తెలిసినవాళ్ళు ఎవరూ లేరన్నా." ఇది రెండో కామెంట్, రోజూ వస్తుంది.

తాతయ్య దగ్గరికి జనం ఎందుకు వచ్చేవాళ్ళు? వాళ్ళకి బాబాయిలు, మేనమామలు లేకనా? ఉన్నారు. కానీ మీ బాబాయికి తెలిసిన సంబంధాలన్నీ మీ నాన్నకీ తెలుసు. ఇద్దరూ తిరిగేది ఒకే పెళ్ళిళ్ళు, ఒకే చావులు, ఒకే టీకొట్టు. కొత్త సంబంధం ఎప్పుడూ ఎక్కడో పెళ్ళిభోజనం బంతిలో పక్కన కూర్చున్న భీమవరం ఆయన నోటినుంచి వస్తుంది, ఆయన పేరు కూడా మనకి సరిగ్గా గుర్తుండదు.

ఇది తాతయ్య కనిపెట్టిందే అనుకునేవాణ్ణి, కాదు. మార్క్ గ్రానోవెటర్ అని అమెరికాలో ఒక సామాజిక శాస్త్రవేత్త, బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్ళో ఉద్యోగం మారినవాళ్ళని పట్టుకుని, మీకు ఈ ఉద్యోగం గురించి ఎవరు చెప్పారు, వాళ్ళని మీరు ఎంత తరచుగా కలిసేవాళ్ళు అని అడిగాడు. 1973లో వ్యాసం రాశాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, తరచూ కలిసే మనిషి ద్వారా దొరికింది 16.7 శాతానికే. 55.6 శాతం మందికి అప్పుడప్పుడు కలిసేవాళ్ళ ద్వారా, 27.8 శాతానికి ఎప్పుడో ఒకసారి కనపడేవాళ్ళ ద్వారా. చూశారా, ప్రాణస్నేహితుడు చివర్లో ఉన్నాడు! వాడికి మీ మీద ప్రేమ లేక కాదు, వాడూ మీ పక్క మంచం మీదే ఖాళీగా కూర్చున్నాడు కాబట్టి.

ఆయన మాట్లాడించింది కొద్దిమందిని, అదీ ఒక్క ఊళ్ళో. అందుకే తర్వాత లింక్డ్‌ఇన్ మీద ఐదేళ్ళ పాటు 2 కోట్ల మందితో పెద్ద ప్రయోగమే చేశారు, 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. అందులో తేలింది ఇంకొంచెం సూక్ష్మంగా ఉంది. మరీ దగ్గరివాళ్ళూ కాదు, మరీ ఎవరో తెలియనివాళ్ళూ కాదు, మధ్యరకం పరిచయాలు ఎక్కువ పనికొచ్చాయి. అంటే మీ కాలేజీలో రెండేళ్ళ సీనియర్, మీ అక్క పాత రూమ్మేట్, ఇంటర్లో మీ బెంచీ వెనకాల కూర్చుని ఇప్పుడు గచ్చిబౌలిలో పనిచేస్తున్నవాడు. అంటే రోజుకు వందమంది ముక్కూమొహం తెలియని హెచ్ఆర్‌లకి రిక్వెస్ట్ పెట్టడం కూడా వృథానే.

ఇక్కడ ఒక చేదు మాట కూడా ఒప్పుకోవాలి. సంబంధాల పోలిక తేగానే మీలో కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది. తాతయ్య నోటుబుక్కులో ఒక్క కులమే ఉండేది. రిఫరల్స్‌లో కూడా ఆ జబ్బు ఉంది. ఒకే కాలేజీ వాళ్ళు ఆ కాలేజీ వాళ్ళనే లాగుతారు, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లకి బంతిలో పక్కన కూర్చునే భీమవరం ఆయనే ఉండడు. ఇది అన్యాయమే, నేను సమర్థించడం లేదు. కానీ అలాంటి వాళ్ళే "అడగడం నామోషీ" అని ఎక్కువ వెనకాడటం చూస్తున్నాను, అందుకు బాధ.

ఇప్పుడు ఎలా అడగాలి. తాతయ్యకి ఒకే రకం మనిషంటే చిరాకు. "ఏదో ఒక మంచి సంబంధం చూడండి బాబయ్యా" అనేవాడు. ఏదో ఒకటి అంటే నేనెవరికని చూడను రా అని, ఆ పేరు నోటుబుక్కులోకి ఎక్కించేవాడే కాదు. "హాయ్ అన్నా, ఎనీ ఓపెనింగ్స్?" అనే మెసేజ్ అదే. చదివినవాడు మీకోసం వాళ్ళ కంపెనీ వెబ్‌సైట్ అంతా వెతికి, మీకేం వచ్చో ఊహించి, మీకు పనికొచ్చే పోస్టు పట్టుకోవాలా? వాడికి సాయంత్రం ఏడింటికి క్లయింట్ కాల్ ఉంది.

కాబట్టి అడిగే ముందు మీకేం కావాలో మీరే తేల్చుకోవాలి. అంటే కెరీర్ ఎంచుకోవాలి. దీనికి అందరూ "నీ ప్యాషన్ కనుక్కో" అంటారు, ఇరవై రెండేళ్ళకి ప్యాషన్ ఎక్కడ దొరుకుతుంది, క్రికెట్టూ బిర్యానీ తప్ప? నేను చెప్పేది మోటు పద్ధతి. ఒక పోస్టు పేరు తీసుకోండి. డేటా అనలిస్ట్ అనుకోండి, టెస్టింగ్ అనుకోండి, బీకామ్ వాళ్ళయితే అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్. ఆ పేరుతో ఉన్న ముప్పై ప్రకటనలు తెరిచి, ప్రతిదాంట్లో ఏమడిగారో కాగితం మీద గీతలు పెట్టుకోండి. ఎస్‌క్యూఎల్‌కి ఇన్ని గీతలు, ఎక్సెల్‌కి ఇన్ని, జీఎస్టీ రిటర్న్స్‌కి ఇన్ని. ఎక్కువ గీతలున్న నాలుగూ నేర్చుకోవాలి, మిగతావి చేరాక చూసుకోవచ్చు. అమీర్‌పేట్ ఫ్లెక్సీలో ఏ కోర్సు పెద్దక్షరాల్లో ఉందో చూసి ఎంచుకోవడం కంటే ఇది నయం. ఇంకోటి, ఆ పని చేసేవాళ్ళెవరైనా దొరికితే జీతం అడక్కండి, "పోయిన మంగళవారం పొద్దున్నుంచీ ఏం చేశారు" అని అడగండి. నేను అడిగితే ఒకావిడ "మధ్యాహ్నం దాకా ఒకే ఎక్సెల్ షీట్లో తప్పు వెతికాను, సాయంత్రం ఆ తప్పు నాది కాదని నిరూపించాను" అంది. ఇది వినగానే మీకు నవ్వొచ్చి ఆసక్తి పుడితే ఆ పని మీదే.

మెసేజ్ ఇలా ఉండాలి. స్క్రీన్ మీద పెడుతున్నాను, కాపీ చెయ్యకండి, మీ వివరాలతో రాసుకోండి.

"నమస్తే అండీ, మీరు మన కాలేజీలో 2021 బ్యాచ్, నేను 2024 ఈసీఈ. మీ కంపెనీ కెరీర్స్ పేజీలో టెస్ట్ ఇంజనీర్ పోస్టు చూశాను, జాబ్ ఐడీ కింద ఇచ్చాను. అందులో అడిగిన పైథాన్, సెలీనియంతో ఒక చిన్న ప్రాజెక్ట్ చేశాను, లింక్ పెట్టాను. చూసి సరిపోతాననిపిస్తే రిఫర్ చెయ్యగలరా? కుదరకపోయినా పర్లేదండీ."

ఐదే వాక్యాలు. ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం, ఎందుకంటే అవతలివాడు తన పేరు కూడా పణంగా పెడుతున్నాడు. ఒకసారి తాతయ్య చెప్పిన సంబంధంలో అబ్బాయికి కాకినాడలో ఉద్యోగం అన్నారు, తీరా చూస్తే లేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆ ఊళ్ళో తాతయ్యకి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మీరు రెజ్యూమెలో రాని జావా రాస్తే, ఇంటర్వ్యూలో పోయేది మీ పరువొక్కటే కాదు.

అమ్మో, పదమూడు నిమిషాలు అయింది. మిగతావి గబగబా.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ వద్దు. పీఎఫ్‌కి యూఏఎన్ నంబర్ ఉంటుంది, మీరు ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో అందులో కనపడుతుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చూస్తారు. చేరిన ఆరు నెలలకి కూడా తీసేస్తారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చేయకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 4 లక్షలు అంటే నెలకు 33 వేలు చేతికి రాదు. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వేరియబుల్ అన్నీ కలిపి చెప్పే లెక్క అది. మీ వాటా పీఎఫ్ మళ్ళీ వేరే, జీతం 20 వేలు దాటితే ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. ఇంట్లో చెప్పేముందు చేతికొచ్చేది ఎంతో హెచ్ఆర్‌నే అడగండి, తప్పేం లేదు.

ఎవరూ తెలియదు, ఎక్కడా పిలవడం లేదు అనేవాళ్ళు కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్ చూడండి. అప్రెంటిస్‌షిప్, అంటే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవడం, 1961 చట్టం కింద నడుస్తుంది, పాసై ఐదేళ్ళు దాటకూడదు. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్లకి నెలకు కనీసం 9 వేలు స్టైపెండ్ అని పెట్టారు. తక్కువే, హైదరాబాద్‌లో హాస్టల్‌కీ బస్‌పాస్‌కీ సరిపోతుంది అంతే. కానీ ఆ ఏడాదిలో మీకు ఓ ముప్పై మంది మధ్యరకం పరిచయస్తులు తయారవుతారు, నేను చెప్పేది దానికోసం.

ఇన్నాళ్ళు మానకూడదని కంపెనీలు రాయించుకునే బాండ్ల గురించి చెప్దామనుకున్నాను, టైం లేదు, వేరే వీడియో చేస్తాను.

ఇంతకీ ఆ కామెంట్ పెట్టిన తమ్ముడూ, నువ్వింకా చూస్తున్నావంటే, అదే కామెంట్ కింద నువ్వు ఏ పోస్టుకి అనుకుంటున్నావో, జాబ్ ఐడీ ఏంటో రాయి. ఆ కంపెనీలో మన సబ్‌స్క్రైబర్లు ఎవరైనా ఉంటే చూస్తారు. రేటు మాత్రం మళ్ళీ అడగకు.