చద్దన్నం, గుహల మెట్లు, షుగర్ మిషన్: పల్లె విడిదిలో తగ్గిన అంకెకు కారణం ఏది?

[తెరపై: ప్రకాశం బరాజ్ మీదుగా సాగుతున్న కారు; తరువాత ఒక పెంకుటింటి అరుగు, మట్టి పాత్రలో చద్దన్నం, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మాగాయ.]

వ్యాఖ్యాత: నమస్కారం. విజయవాడలో ఉండే ఒక మధ్యవయస్కుడు, మధుమేహం ఉన్నవాడు, సెలవు రోజుల్లో కృష్ణ ఒడ్డునున్న ఒక పల్లె విడిదికి వెళ్లాడని అనుకుందాం. ఇంట్లో ఇడ్లీలు తిన్న రెండు గంటలకు అతని షుగర్ మిషన్ 168 చూపించింది. పల్లెలో పొద్దున్నే చద్దన్నం తిని, ఉండవల్లి గుహల మెట్లెక్కి దిగి, మళ్లీ చూసుకుంటే 142 వచ్చింది. "మా చద్దన్నం తింటే షుగర్ తగ్గుతుంది, రక్తం పడుతుంది" అని విడిది యజమాని గోడ మీద రాయించిన మాట అతనికి నిజమే అనిపించింది. ఆ గోడ మీది మాటను ఒక పరిశోధకుడి ముందు పెడితే ఆయన ఏయే ప్రశ్నలు వేస్తాడో, ఏయే పరీక్షలు అడుగుతాడో ఈ వీడియోలో చూద్దాం.

ఆయన మొదట అనుమానించేది అన్నాన్ని కాదు, మిషన్‌ను. వేలి కొన నుంచి తీసిన చుక్క రక్తంతో ఇంట్లో చూసుకునే ఈ పరికరాలకు 2013లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. దాని ప్రకారం డెసీలీటరు రక్తానికి 100 మిల్లీగ్రాములు, ఆ పైన ఉన్న చక్కెర విలువల దగ్గర, మిషన్ చూపే అంకెల్లో నూటికి 95 ప్రయోగశాల విలువకు అటూ ఇటూ 15 శాతం లోపల ఉంటే చాలు, ఆ పరికరం ఉత్తీర్ణమైనట్టే. ఇప్పుడు లెక్క వేయండి. మిషన్ 168 అన్నప్పుడు అసలు విలువ దాదాపు 146 నుంచి 198 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. 142 అన్నప్పుడు 123 నుంచి 167 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. రెండు రోజులూ అతని రక్తంలో చక్కెర సరిగ్గా 155 ఉండి, మిషన్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిందన్నా కాదనలేం. ఇంట్లో మందు మోతాదు గురించి ఒక అంచనాకు రావడానికి ఈ పరికరం ఎంతో ఉపయోగపడుతుంది. రెండు భోజనాల మధ్య తీర్పు చెప్పడానికి మాత్రం రెండంటే రెండు చుక్కల రక్తం చాలదు.

[తెరపై: ఉండవల్లి గుహల మెట్లు ఎక్కుతున్న సందర్శకులు.]

పోనీ, చక్కెర నిజంగానే తగ్గిందనుకుందాం. అప్పుడు పరిశోధకుడి చూపు మెట్ల మీద పడుతుంది. నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు పనిచేసే కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటాయి. అందుకే తిన్న తరువాత నడిస్తే చక్కెర పెరుగుదల తగ్గుతుందని వైద్యులు చెబుతారు. పల్లె విడిదిలో మారేది తిండి ఒక్కటే కాదు. నిద్ర వేళ మారుతుంది, ఆఫీసు ఒత్తిడి ఉండదు, పొలం గట్ల వెంబడి నడక ఉంటుంది, మధ్యాహ్నం టీ, బిస్కెట్లు ఉండవు. ఇన్ని ఒకేసారి మారినప్పుడు ఫలితాన్ని ఒక్క చద్దన్నం ఖాతాలో వేయడం న్యాయం కాదు. నిజానికి పల్లె పర్యాటకానికి ఇదేమీ చిన్నతనం కూడా కాదు. నడకకు, నిద్రకు దక్కవలసిన పేరును మట్టి పాత్ర కొట్టేయడమే ఇక్కడ జరుగుతున్నది. ఇక, మూడు నెలల షుగర్ అని మనం పిలుచుకునే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ విషయంలో అసలు పనికిరాదు. అది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు రెండు మూడు నెలలుగా అంటుకున్న గ్లూకోజ్‌ను కొలుస్తుంది కనుక, రెండు రోజుల విడిది దానిలో కనబడదు. పైగా ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారిలో ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు.

అయితే రాత్రి అన్నానికీ, పొద్దున చద్దన్నానికీ తేడా ఏమీ లేదా? ఉంది. అన్నం ఉడికేటప్పుడు బియ్యపు పిండి పదార్థం నీటిని పీల్చుకుని, అల్లిక విడిపోయి, సులభంగా జీర్ణమయ్యే స్థితికి వస్తుంది. అదే అన్నం చల్లారి గంటల తరబడి నిలిస్తే ఆ పిండిలో కొంత భాగం మళ్లీ బిగిసి, చిన్నపేగులో జీర్ణం కాని రూపంలోకి మారుతుంది. 2015లో ఇండోనేషియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, అప్పుడే వండిన తెల్ల అన్నంలో ఇలా జీర్ణం కాని పిండి 100 గ్రాములకు 0.64 గ్రాములు ఉండగా, గది వాతావరణంలో 10 గంటలు చల్లార్చిన అన్నంలో 1.30 గ్రాములు, 24 గంటలు 4 డిగ్రీల చల్లదనంలో ఉంచి తిరిగి వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములు ఉంది. ఈ చివరి రకం అన్నాన్ని 15 మంది ఆరోగ్యవంతులకు పెట్టి చూస్తే, వేడి అన్నం తిన్నప్పటికంటే రక్తంలో చక్కెర పెరుగుదల తక్కువగా కనిపించింది.

ఈ ఫలితాన్ని మన చద్దన్నానికి ఉన్నపళంగా అంటగట్టకూడదు. అది ఫ్రిజ్‌లో పెట్టి వేడిచేసిన అన్నం; మనది నీళ్లు పోసి, రాత్రంతా పులియబెట్టి, పొద్దున మజ్జిగో పెరుగో కలుపుకునే అన్నం. తిన్నవారు ఆరోగ్యవంతులు, మన పర్యాటకుడు మధుమేహం ఉన్నవాడు. ఇంకో మాట: జీర్ణం కాని పిండి రెట్టింపయిందంటే వినడానికి ఘనంగా ఉంటుంది కానీ, 100 గ్రాముల అన్నంలో ఒకటిన్నర గ్రాములు పోను మిగిలిన పిండి అంతా ఎప్పటిలా చక్కెరగా మారేదే. అందువల్ల చల్లన్నమే కదా అని రెండు మార్లు ఎక్కువ వడ్డించుకుంటే ఆ లాభం అక్కడే చెల్లిపోతుంది.

[తెరపై: బాపట్ల వరి పొలాలు, తరువాత సమయాన్ని బట్టి పైకి లేచి కిందికి దిగే గీత.]

ఆహారం వల్ల చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో పోల్చే కొలత ఒకటి 1981లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. దానినే గ్లైసీమిక్ సూచీ అంటున్నాం. పద్ధతి ఇది. కనీసం పదిమంది ఆరోగ్యవంతులైన వాలంటీర్లను పరగడుపున రప్పించి, 50 గ్రాముల జీర్ణమయ్యే పిండి పదార్థం ఉండేటట్టు తూచిన ఆహారం పెడతారు. తినకముందు ఒకసారి, తరువాత 15, 30, 45, 60, 90, 120 నిమిషాలకు రక్తం తీస్తారు. ఆ విలువలతో గీసిన వంపు కింద ఎంత వైశాల్యం ఉందో లెక్కగట్టి, అదే మనిషి మరో రోజు 50 గ్రాముల గ్లూకోజ్ తాగినప్పటి వైశాల్యంతో పోలుస్తారు. గ్లూకోజ్‌ను 100గా తీసుకుంటే, 55 లేదా అంతకు తక్కువ వచ్చినది తక్కువ సూచీ ఆహారం, 70 లేదా అంతకు మించినది ఎక్కువ సూచీ ఆహారం. ఒక మనిషిని మరొక మనిషితో కాకుండా అతనితోనే పోల్చడం ఈ పద్ధతిలోని మెలకువ.

మన ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. ఆంధ్రులు ఇష్టంగా తినే సాంబ మసూరి, రైతుల నోట బీపీటీ 5204, పుట్టింది బాపట్ల పరిశోధన కేంద్రంలోనే, 1986లో విడుదలైంది. ఆ రకానికి ఆకు ఎండు తెగులును తట్టుకునే శక్తి జోడించి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన మెరుగైన సాంబ మసూరికి గ్లైసీమిక్ సూచీ 51 దగ్గర ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. కనుక గోడ మీద రాసేవారు ముందుగా చెప్పవలసినది పాత్ర గురించి కాదు, ఆ పాత్రలో ఏ బియ్యం ఉడికిందో.

ఇప్పుడు రెండో మాటకు, అంటే "రక్తం పడుతుంది" అన్న దానికి వద్దాం. ఇక్కడే అసలు చిక్కు ఉంది. 100 గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాములున్న ఇనుము 12 గంటలు నానితే 73.91 మిల్లీగ్రాములు అవుతుందన్న మాట ఏళ్ల తరబడి ఫోన్ల నిండా తిరుగుతున్నది. దశాంశ స్థానాలు ఉండడం వల్ల అది ప్రయోగశాల మాటలా వినిపిస్తుంది. ఇనుము ఒక మూలకం. సూక్ష్మజీవులు విటమిన్లను తయారు చేయగలవు గానీ మూలకాన్ని పుట్టించలేవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల్లో మరపట్టిన పచ్చి బియ్యంలోనే ఇనుము 100 గ్రాములకు 0.65 మిల్లీగ్రాములు. ఉడికి నీరు పీల్చుకున్నాక, అదే బరువు అన్నంలో అది ఇంకా తగ్గుతుంది. అంటే ఆ లెక్క మొదటి అంకె దగ్గరే తప్పింది. పైగా అది నిజమే అయితే సంతోషించవలసిన పని కాదు, భయపడవలసిన పని. వయోజన స్త్రీకి రోజుకు 29, పురుషుడికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది; 45 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు కూడా పెట్టింది. 300 గ్రాముల చద్దన్నంతో 220 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి వెళితే అది ఆ హద్దుకు దాదాపు ఐదు రెట్లు.

అలాంటి అంకె ఒక ప్రయోగశాలలో వచ్చిందంటే చూడవలసినది పాత్రను, నీటిని. ఇనుప మూకుడులో పులుపు వండితే పాత్ర నుంచి కొంత ఇనుము కూరలోకి దిగుతుందన్నది పరీక్షల్లో రుజువైనదే. కాబట్టి జాగ్రత్తగల పరిశోధకుడు అన్నంతో పాటు ఖాళీ పాత్రలో రాత్రంతా ఉంచిన నీటిని కూడా విడిగా పరీక్షిస్తాడు. తడి బరువును కాకుండా పూర్తిగా ఎండబెట్టిన తరువాతి బరువును తీసుకుంటాడు. ఇక పులియబెట్టడం వల్ల మారగలిగేది ఇనుము మొత్తం కాదు, దానిలో శరీరానికి అందే భాగం. గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టి ఉంచుతుంది. పులిసేటప్పుడు ఆ పట్టు కొంత సడలుతుంది. అయితే తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో ఫైటేటూ తక్కువే, ఇనుమూ తక్కువే, కనుక సడలినందువల్ల దక్కేది స్వల్పం. ఈ పద్ధతి ఫలం ఎక్కువగా కనిపించే అవకాశం రాగి అంబలిలో ఉంది, ఎందుకంటే రాగుల్లో రెండూ ఎక్కువే. గుంటూరు గోంగూర సంగతీ ఇంతే: ఆకులో ఇనుము ఉంది, దాన్ని పట్టి ఉంచగల ఆక్సలేట్లనే పదార్థాలూ ఉన్నాయి, పట్టికలో ఉన్నదంతా ఒంటికి పట్టదు.

ఒంటికి పట్టిందో లేదో తేల్చే పరీక్ష కూడా ఉంది. సహజంగా చాలా తక్కువగా దొరికే, రేడియోధార్మికత లేని ఇనుము రకాలను ఆహారంలో కొలిచి కలిపి పెడతారు. రెండు వారాల తరువాత రక్తం తీసి, కొత్త ఎర్ర కణాల్లోకి ఆ ఇనుము ఎంత చేరిందో చూస్తారు. శరీరంలో నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష చౌక, కానీ ఒంట్లో వాపుగానీ ఇన్‌ఫెక్షన్‌గానీ ఉంటే ఆ అంకె పెరిగి లోపాన్ని దాచిపెడుతుంది. అందుకని దానితో పాటు, ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే సీఆర్‌పీ అనే రక్త పరీక్ష కూడా చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇలాంటి చోట చద్దన్నంతోనే రక్తం పడుతుందన్న నమ్మకంతో ఐరన్ మాత్రలు మానేసే గర్భిణి ఒక్కరున్నా ఆ గోడ మీది రాత నిర్దోషం కాదు.

[తెరపై: వంటింటి గట్టు మీద మూతపెట్టిన కుండ, గోడ గడియారం.]

వేసవిలో విజయవాడ రాత్రులు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. వెచ్చగా నిలిచిన అన్నంలో మొలకెత్తి పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని విడుదల చేయగలవు. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. చక్కగా పులిసిన అన్నంలో లాక్టిక్ ఆమ్లం వీటి పెరుగుదలను అణుస్తుంది. ఇంటి తోడుతో రోజూ చేసుకునే అమ్మమ్మకు వాసనతోనే ఇది తెలుస్తుంది. ఇరవై మంది అతిథులకు చేసే విడిదికి మాత్రం పులుపు ఎంతో కొలిచే పీహెచ్ మీటరు ఒకటి, తాగునీటిలో మురుగు కలిసిందేమో సూచించే కోలిఫాం బ్యాక్టీరియా పరీక్ష నివేదిక ఒకటి ఉండాలని నేను గట్టిగా అంటాను. ఇక రాత సంగతి: మధుమేహం నయమవుతుందన్న ప్రకటనలను 1954 నాటి మంత్రపు మందుల నిషేధ చట్టమూ, ఆహారం పేరుతో రోగాలు కుదురుతాయన్న ప్రచారాన్ని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలూ అనుమతించవు. ఏ బియ్యం, ఎన్ని గంటలు నానింది, ఏ పాత్ర, ఏ పెరుగు అన్నది రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు. తినడానికి వచ్చినవారికి పనికివచ్చేది కూడా అదే.

అసలు ప్రశ్నకు జవాబు వెతకగలిగిన సంస్థలు ఇక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, బాపట్లలో దాని ఆహార సాంకేతిక కళాశాల, మంగళగిరిలో ఎయిమ్స్, గుంటూరులో 1946 నుంచి ఉన్న వైద్య కళాశాల: బియ్యం, వంట, రక్తం, రోగి, నాలుగింటినీ చూడగలిగినవారు ఒక పూట ప్రయాణంలోనే కలుసుకోవచ్చు. అధ్యయనం ఇలా ఉండవచ్చు. నైతిక సంఘం అనుమతి తీసుకుని, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయించాలి. మధుమేహం ఉన్నవారిని వైద్యుల పర్యవేక్షణలో, మందులు మార్చకుండా, వారం ఎడంతో పిలవాలి. ఒకే బస్తాలోని సాంబ మసూరితో ఒక రోజు వేడి అన్నం, మరో రోజు చద్దన్నం, పిండి పదార్థం సమానంగా తూచి పెట్టాలి. ఎవరికి ఏది ముందన్నది చీటీ వేసి తేల్చాలి. తిన్న రెండు గంటలూ అందరూ కూర్చునే ఉండాలి. మెట్లు లేవు, నడక లేదు. రక్తాన్ని వేలి నుంచి కాకుండా నరం నుంచి తీసి, ప్రయోగశాలలో కొలవాలి. ఒక్క జాగ్రత్త మాత్రం మరువరాదు: పెరుగులోని మాంసకృత్తులు, ఆమ్లం కూడా చక్కెర పెరుగుదలను నెమ్మదింపజేయగలవు. అందువల్ల వేడి అన్నం, చద్దన్నం అన్న రెండు పళ్లేలతో పని పూర్తి కాదు. చద్దన్నంలో ఎంత పెరుగు కలిపారో సరిగ్గా అంతే పెరుగు కలిపిన వేడి అన్నాన్ని మూడో పళ్లెంగా, మూడో వారంలో పెట్టవలసి ఉంటుంది.