తలకు దెబ్బ తగిలాక: ఆటతో సాధన

శ్రోతలందరికీ నమస్కారం.

తలకు పెద్ద దెబ్బ తగిలి, ఆపరేషన్ అయి, స్పృహ వచ్చి, కుట్లు మానిన మనిషిని చూసి "గండం గడిచింది" అంటాం. నిజమే, ప్రాణగండం గడిచింది. కానీ ఆ మనిషి మంచం దిగి నిలబడబోతే ఒక పక్కకు ఒరిగిపోతాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అందదు. కాసేపు కూర్చుంటేనే అలసట, ఉన్నట్టుండి కోపం. చూడ్డానికి కాళ్ళూ చేతులూ బాగానే ఉంటాయి. దెబ్బ తిన్నది వాటిని నడిపించే మెదడు. అక్కడి నుంచి మొదలయ్యే సాధన నెలలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు.

ఆ సాధనలో వీడియో గేమ్‌లకు కూడా చోటుంది. ఈ మాట చెప్పగానే ఇంట్లోవాళ్ళు ఉలిక్కిపడతారు. "తలకు దెబ్బ తగిలినవాడికి వీడియో గేమా?" అంటారు. ఆ భయంలో న్యాయం ఉంది, దాని గురించీ చెబుతాను. ముందు మాత్రం ఒక్క ఆట గురించి తీరిగ్గా చెప్పాలని ఉంది. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది.

2006లో జపాన్ కంపెనీ నింటెండో 'వీ' అనే గేమ్ మెషీన్ తెచ్చింది. మరుసటి ఏడాది దానికి ఒక పలక జత చేసింది. పేరు బ్యాలెన్స్ బోర్డు. దాని అడుగున నాలుగు మూలల్లో నాలుగు సెన్సర్లు ఉంటాయి. పైన నిలబడితే ఏ కాలి మీద ఎంత బరువు వేశారో, ముందుకు వాలారో వెనక్కి వాలారో ఆ క్షణంలోనే పట్టేస్తుంది. కంపెనీ దాన్ని తయారుచేసింది ఇళ్ళల్లో సరదాగా వ్యాయామం చేసుకునేవాళ్ళ కోసం. ఫిజియోథెరపిస్టులు మాత్రం దాంట్లో తమకు కావలసింది చూశారు.

బోర్డుతో వచ్చిన ఆటల్లో ఒకటి ఇలా ఉంటుంది. తెర మీద సముద్రం. సముద్రంలో తేలుతున్న మంచుగడ్డ. మంచుగడ్డ మీద పెంగ్విన్ వేషంలో మీ బొమ్మ. మీరు కుడికాలి మీద బరువు వేస్తే మంచుగడ్డ కుడికి ఒరుగుతుంది, పెంగ్విన్ అటు జారుతుంది. ఎడమకాలి మీద వేస్తే ఎడమకు. నీళ్ళలోంచి చేపలు ఎగురుతుంటాయి, వాటిని అందుకోవాలి. మరీ ఒరిగితే పెంగ్విన్ నీళ్ళలో పడుతుంది. అంతే ఆట.

ఇప్పుడు ఆ బోర్డు మీద మన పేషెంటును నిలబెడదాం. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు. వెనక థెరపిస్టు, పేషెంటు నడుముకు కట్టిన బెల్టు మీద ఒక చెయ్యి వేసి ఉంటారు. ఆయనకు కుడివైపు బలహీనం అనుకుందాం. దెబ్బ తగిలినప్పటి నుంచి తెలియకుండానే ఒళ్ళంతా ఎడమకాలి మీదే మోస్తున్నారు. "కుడికాలి మీద బరువు వెయ్యండి" అని థెరపిస్టు ఎన్నిసార్లు చెప్పినా, "వేశాను కదా" అంటారు. మొండితనం కాదది. వేసినట్టే ఆయనకు నిజంగా అనిపిస్తుంది. ఒళ్ళు ఎక్కడుందో మెదడుకు అందే సమాచారమే తప్పుగా ఉంది.

తెర మీద పెంగ్విన్ ఎడమ పక్కనే ఉండిపోయింది. ఇక వాదన లేదు. కుడి పక్క చేప ఎగిరింది. ఆయన కొంచెం ఒరిగారు, పెంగ్విన్ కదిలింది. ఇంకొంచెం ఒరిగారు, చేప దొరికింది. చేప కోసం ఒరిగిన ఆ ఒరుగుడే వ్యాయామం. మళ్ళీ చేప, మళ్ళీ ఒరుగుడు. మళ్ళీ చేప, మళ్ళీ ఒరుగుడు. లెక్కపెట్టమంటే విసుక్కునే మనిషి, చేపల ధ్యాసలో ఎన్నిసార్లు బరువు మార్చారో తనకే తెలియదు.

ఈ 'మళ్ళీ మళ్ళీ'లోనే అసలు సంగతి ఉంది. దెబ్బ తిన్న మెదడు కొత్త దారులు వేసుకోవాలంటే ఒకే పని చాలాసార్లు చేయాలి. పక్షవాతం వచ్చినవాళ్ళ థెరపీని గమనించి 2009లో ఒక లెక్క ప్రచురించారు. చేతికి పనికొచ్చే కదలికలు ఒక్కో సెషన్‌లో సగటున 32 సార్లే చేయిస్తున్నారని తేలింది. జంతువుల మీద చేసిన పరిశోధనల్లో మెదడులో మార్పు కనిపించింది వందల సార్లు చేయిస్తేనే. తలకు దెబ్బ తగలడం, పక్షవాతం ఒకటి కాదు. అయినా సాధన ఎంత చేయిస్తే సరిపోతుందన్న ప్రశ్న రెండు చోట్లా ఉంది. ముప్ఫై రెండు దగ్గర నుంచి వందల దాకా మనిషిని విసుగు లేకుండా తీసుకెళ్ళేది ఏమిటంటే, నాకు తోచే జవాబు ఆటే.

ఇదే ఆటలో ఇంకో సాధన కూడా జరుగుతోంది. తలకు దెబ్బ తగిలినప్పుడు నుదుటి వెనక ఉండే మెదడు భాగం తరచుగా దెబ్బ తింటుంది. తొందరపాటును ఆపేది ఆ భాగమే. మంచుగడ్డ అంచున ఒక చేప ఎగిరింది. ఒక్క ఉదుటున దాని మీద పడాలనిపిస్తుంది. పడితే పెంగ్విన్ నీళ్ళలోకి. రెండుసార్లు మునిగాక, మూడోసారి ఆయన ఆగి, చూసి, అప్పుడు ఒరుగుతారు. ఆ ఆగడం ఉందే, నడక కన్నా దానికే నేను ఎక్కువ సంతోషిస్తాను. రోడ్డు దాటేటప్పుడు కావలసింది అదే.

మరి ఇది మామూలు వ్యాయామం కన్నా గొప్పదా? కాదు. గొప్పదని ఎవరైనా ప్రచారం చేస్తే నమ్మకండి. తలకు దెబ్బ తగిలినవాళ్ళ మీద ఇంటిదగ్గరే చేయించిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ఆటతో బ్యాలెన్స్ సాధన చేసినవాళ్ళూ, మామూలు వ్యాయామం చేసినవాళ్ళూ, ఇద్దరూ మెరుగుపడ్డారు. ఎవరు మెరుగు అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఇది నిరాశ కలిగించే వార్త కాదు. వ్యాయామం అంటే ముఖం తిప్పుకునే మనిషికి అంతే ఫలితం ఇచ్చే ఇంకో దారి ఉందన్నమాట.

బజార్లో దొరికే ఆటలతో ఒక చిక్కు ఉంది. అవి పేషెంట్ల కోసం తయారైనవి కావు, వేగం ఎక్కువ. ఆ బోర్డుతో వచ్చిన ప్రోగ్రాం మన బ్యాలెన్స్ చూసి "మీ వయసు ఇంత" అని లెక్క కట్టి చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు నవ్వుకుంటారు. నిలబడటమే గెలుపైన మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. దాన్ని చూపించకుండా దాటేయాలి. ఆ మెషీన్ తయారీ ఆగిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు వేరే పరికరాలు వచ్చాయి. ఏది వాడినా, ఏ ఆట, ఏ స్థాయి, ఎంతసేపు అన్నది థెరపిస్టే నిర్ణయించాలి. ఫిట్స్ వచ్చిన మనిషైతే తెర మీద మెరుపుల విషయం డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు.

ఇక ఇంట్లోవాళ్ళ భయం దగ్గరికి వస్తాను. దెబ్బ తగిలిన వెంటనే ఆట వద్దు. తలకు చిన్న దెబ్బ తగిలి కంకషన్, అంటే మెదడు అదిరి కొన్నాళ్ళు సరిగా పనిచేయకపోవడం, వచ్చిన 12 నుంచి 25 ఏళ్ళ వాళ్ళ మీద అమెరికాలో జరిగిన అధ్యయనం 2021లో వచ్చింది. మొదటి 48 గంటలు తెరలు చూడొద్దన్నవాళ్ళలో సగం మంది మూడున్నర రోజుల్లోనే కోలుకున్నారు. చూడొచ్చన్నవాళ్ళలో సగం మంది కోలుకోవడానికి 8 రోజులు పట్టింది. కాబట్టి మొదట్లో తెర పక్కన పెట్టాలన్న మాట ముమ్మాటికీ నిజం. నేను చెబుతున్నది ఆ తర్వాత, డాక్టరు సరేనన్నాక మొదలయ్యే సాధన గురించి.

ఆ రోజు వచ్చాక ఇంట్లోవాళ్ళు ఒక్క పని నేర్చుకుంటే చాలు. ఆట ఆపడం. అలసట వచ్చాక కాదు, రాకముందే ఆపడం. మొదటి రోజు పది నిమిషాలకు తలనొప్పి మొదలైతే, మర్నాడు ఏడు నిమిషాలకే ఆపండి. ఆడే ముందు, ఆడాక "తలనొప్పి పదికి ఎంత?" అని అడగండి. కంకషన్ విషయంలో 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు ఒక హద్దు చెప్పారు: ఇబ్బంది 2 పాయింట్లకు మించి పెరగకూడదు, పెరిగిన కాస్తా గంటలోపు తగ్గిపోవాలి. పెద్ద దెబ్బ తగిలినవాళ్ళకు ఆ హద్దు ఎంతో మీ డాక్టరును అడగండి.

తన అలసట తనకు తెలియకపోవడం కూడా ఈ గాయం లక్షణమే. ఇంకొక్క ఆట అని ఆయన అంటారు, మీరు చూడాలి. కళ్ళు నులుముకుంటున్నారా, మాట తగ్గిందా, అంతవరకూ సులువుగా చేసింది తప్పుతున్నారా. స్కోరు పడిపోతోందంటే శ్రద్ధ లేదని కాదు, మెదడు అలసిందని. "ఇందాక బాగా ఆడావు కదా" అని గద్దించకండి. ఆపి, గది మసక చేసి, పడుకోబెట్టండి.

ఎంతసేపు ఆడారు, ఆపేసరికి ఎలా ఉన్నారు, ఎంతసేపటికి తేరుకున్నారు, ఈ మూడూ రోజూ ఒక కాగితం మీద రాయండి. థెరపిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్ళండి. స్థాయి పెంచాలా, తగ్గించాలా, ఆటే మార్చాలా అన్నది అది చూసి చెబుతారు.

నమస్కారం.