అవ్వ చేతిలో బిస్కెట్ ప్యాకెట్

శ్రోతలందరికీ నమస్కారం.

మొన్న అలిపిరి నుంచి మెట్ల దారిలో కొండకు వెళ్తున్నాను. నా ముందు నడుస్తున్న ఒక అవ్వ ఆగి, సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసింది. ఇంకా చించనే లేదు, కవరు చప్పుడుకే గోడ మీది కోతులు నాలుగు కిందికి దూకాయి. "పెట్టొద్దవ్వా" అన్నాను. ఆమె నొచ్చుకుంది. "ఆకలిగొన్న నోటికి ఇంత పెడితే తప్పేముంది నాయనా?" అంది.

ఆ మాటలో దయ ఉంది. అందుకే దానికి ఈ రోజు నిదానంగా జవాబు చెప్పాలనిపించింది.

శేషాచలం అడవిలో కోతికి తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా తిండి వెతుక్కోవడమే పని. మర్రి, జువ్వి, మేడి, నేరేడు పళ్లు, లేత చిగుళ్లు, పురుగులు. కొంత అక్కడే తింటుంది, కొంత బుగ్గల్లోని సంచుల్లో కుక్కుకుని ఇంకో చెట్టు మీదికి పోయి నములుతుంది. దారి పొడవునా గింజలు రాలతాయి. కొత్త మొక్కలు మొలిచేది అలాగే. ఇక బిస్కెట్‌లో, లడ్డూలో ఉన్నంత తీపి, నెయ్యి గుప్పెడు జువ్వి పళ్లలో ఎక్కడుంటాయి? గంటల కష్టం నిమిషంలో తీరిపోతుంటే ఏ జీవమైనా అటే మొగ్గుతుంది. తల్లి పొట్టను కరుచుకుని ఉన్న పిల్ల, తల్లి ఏం తింటుందో చూసి నేర్చుకుంటుంది. తిండి దొరికేది చెట్టు మీద కాదు, మనిషి సంచిలో అని దానికి ఊహ తెలిసేసరికే తెలిసిపోతుంది. తిండికి కొదవ లేకపోతే పిల్లలూ ఎక్కువ బతుకుతాయి, మంద పెరుగుతుంది. మనం పెట్టని రోజు లాక్కుంటాయి. అప్పుడు కోతుల బెడద అంటాం, కర్ర తీస్తాం. పట్టుకుపోయి వేరే చోట వదిలినా ఆ అలవాటు వాటి వెంటే పోతుంది.

దుప్పుల సంగతి తలుచుకుంటే నాకు మరీ బాధ. అవి నెమరు వేసే జంతువులు. వాటి పొట్టలో గడ్డినీ ఆకునూ పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయి. బ్రెడ్డు, అన్నం ఎక్కువగా పడితే ఆ పొట్ట పులిసిపోయి జంతువు జబ్బుపడుతుంది. ఉప్పు రుచికి కవరు కూడా నమిలి మింగుతుంది. అది అరగదు, బయటికీ రాదు. కడుపు నిండినట్టే ఉంటుంది, జంతువు మాత్రం చిక్కి చచ్చిపోతుంది.

మనం పారేసిన ఎంగిలి ఆకుల కోసం కుక్కలు, పందులు చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది. ఊరకుక్క కన్నా సులువైన వేట దానికి ఏముంటుంది? తిరుపతిలో యూనివర్సిటీ క్యాంపస్‌ల దాకా చిరుతలు వచ్చిన వార్తలు మీరూ వినే ఉంటారు. 2023 జూన్‌లో మెట్ల దారిలో ఒక చిన్న బాబును చిరుత నోట కరుచుకుపోయి వదిలేసింది. ఆగస్టులో ఆరేళ్ల పాప మనకు దక్కలేదు. ఆ దుఃఖాన్ని ఒక్క కారణానికి కట్టేయడం న్యాయం కాదు. కానీ చిరుత తిరిగే అడవి మధ్యలో, జనం నడిచే దారి పక్కనే, దాని ఎరను మేపుతున్నది మన చేతులే కదా! ఆ తర్వాత నడిచేవాళ్లకు కర్రలిచ్చారు, పిల్లలకు మధ్యాహ్నం దాటితే ఆంక్షలు పెట్టారు. మన సంచుల్లోని తిండి మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇదంతా అవ్వకు నడుస్తూ చెప్పాను. "మరి పెట్టాలనిపిస్తే ఏం చేయాలి?" అంది. కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది కదవ్వా, అక్కడ ఒక రూపాయి వెయ్యి అన్నాను. ఇంటి దగ్గర చోటుంటే ఒక నేరేడు మొక్క నాటు అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ప్యాకెట్ సంచిలో పెట్టి, సంచి మూతి ముడేసింది.

గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు దాన్ని తీసి, సగం నాకిచ్చింది. తిన్నాక కవరు మడిచి కొంగున కట్టుకుంది.