పీర్ల పండగ ఎవరిది?

అందరికీ నమస్కారం, అస్సలాము అలైకుం. చెన్నైలో తెలుగోళ్ళ మధ్య పీర్ల పండగ, అంటే మన పల్లెల మొహర్రం గురించి మాట్లాడమన్నారు, సంతోషం. ముందే చెప్పేస్తా, మన ఊళ్ళ సాయిబులు చేసేది కల్తీ ఇస్లాం అనేవాళ్ళతో నాకు పడదు. ఆ మాట బయటోళ్ళే కాదు, మావాళ్ళూ అంటారు.

ఇక్కడ థౌజండ్ లైట్స్ మసీదు దగ్గర మొహర్రం చూసే ఉంటారు. షియాలది, నల్లబట్టలు, మాతం అంటే రొమ్ము బాదుకోవడం, ఏడుపు. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు ఇమాం హుసేన్‌ని చంపిన రోజు కదా మరి. అదే మొహర్రానికి అనంతపురం జిల్లా గూగూడు పోయి చూడండి, అక్కడి పీరుని కుళ్ళాయిస్వామి అంటారు, నిప్పుల గుండం దగ్గర నిలబడ్డ జనంలో ఎక్కువమంది హిందువులే. షియాల దుఃఖం సున్నీల ఊళ్ళోకి, అక్కణ్ణించి రెడ్ల ఇంటికీ మాలమాదిగల ఇంటికీ ఎట్లా వచ్చింది?

గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీయే 1590ల్లో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, అంటే మొహర్రానికి పీర్లు నిలిపే ఇల్లు, కట్టించాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్నాడు, రాజ్యం పోయింది, పీర్లు మాత్రం పోలా. పీర్లని చూసుకునే ముజావర్లకి ఇనాం భూములుండేవి, అదొక కారణం. దానికంటే పెద్దది నాకు కనిపించేది ఏంటంటే ఊళ్ళో ప్రతి కులానికీ ఇందులో ఒక పనుండేది, గుండం తవ్వేది ఒకళ్ళు, కట్టెలేసేది ఒకళ్ళు, డప్పు కొట్టేది ఒకళ్ళు, పని ఉన్నోడు పండగ వదులుకోడు కదా!

పీరు అంటే ఏంటో ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలీదు కాబట్టి చెప్తా. పొడుగాటి కర్ర, పైన ఇత్తడిదో వెండిదో పంజా, అయిదు వేళ్ళంటే అయిదుగురు, ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్. కర్రకి రంగురంగుల దట్టీలు, అంటే గుడ్డలు కడతారు, మొక్కుకున్నోళ్ళు ఇంకోటి కడతారు, పదో రోజుకి పీరు బొద్దుగా అయిపోయి మోసేవాడి మొహం కనపడదు. ఊదు పొగ, బెల్లం పానకం, ముజావరు ఫాతిహా చదివి చేతిలో పెట్టే గుండం బూడిద. హిజ్రీ ఏడాది పదకొండు రోజులు చిన్నది కాబట్టి ఈ పండగ ఒకసారి ఎండల్లో వస్తది, ఒకసారి వానల్లో, వానల్లో వస్తే గుండం మండించడం పెద్ద తంటా.

ఇక దూదేకులోళ్ళు, నూర్‌బాషాలు అంటారు. మాతృభాష తెలుగు. ఖాజీ నిఖా చదువుతాడు, పెళ్ళికూతురికి నల్లపూసలూ కడతారు. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య వీళ్ళ ఇంటోడే. ఉర్దూ రాదని పట్నం సాయిబులు వీళ్ళని చిన్నచూపు చూశారు, అటు హిందువులు సాయిబులనే అన్నారు, మధ్యలో నలిగింది వీళ్ళే.

తర్వాత తబ్లీగ్ జమాత్ అనే మత ప్రచార ఉద్యమం వచ్చింది, 1926 ప్రాంతంలో ఢిల్లీ దగ్గర మేవాత్‌లో మొదలై మన పల్లెలకీ చేరింది. నమాజు నేర్పింది, అది మంచిదే, పీర్లు ఎత్తడం షిర్క్, అంటే అల్లాకి ఇంకొకర్ని సాటి చేసే పాపం అనీ చెప్పింది. దాంతో ఇళ్ళల్లో గొడవలు, తాత పీరు ఎత్తుతాడు, మనవడు ఆ పది రోజులు ఊరికే రాడు. ఇద్దరూ తామే అసలు ముస్లిం అనుకుంటారు, నన్నడిగితే ఇద్దరూ నిజమే.

ఇప్పుడు కొన్ని ఊళ్ళల్లో ఒక్క సాయిబు ఇల్లూ లేదు, పీర్ల సావిడి మాత్రం ఉంది. వెల్ల వేయించేదీ, పక్క ఊరి నుంచి ముజావర్ని పిలిపించేదీ హిందువులే.