కొత్త పికప్‌లో పాత ఇంజిన్: పాట ఎత్తుకునేది ఎవరు?

[తెరపై: బానెట్ ఎత్తి ఉన్న పికప్. ఇంజిన్ ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది, వైరింగ్ కొసలు వేలాడుతున్నాయి.]

నమస్కారం. పలాస నుంచి జీడిపప్పు, ఉద్దానం నుంచి కొబ్బరికాయలు మోసే పికప్‌ల యజమానులు శ్రీకాకుళంలోని మా షెడ్డుకు వచ్చినప్పుడు తరచుగా ఒకే మాట అంటారు: "ఈ సెన్సార్ల గోల మనకెందుకు బావూ, పాత డీఐ ఇంజిన్ ఎక్కించెయ్." డీఐ అని వారు అనేది కంప్యూటరు లేకుండా, మామూలు పంపుతోనే డీజిల్ అందుకునే పాతరకం ఇంజిన్‌ను. వారి బాధ నిజమైనదే. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ పాడైతే, లోపం చదివే స్కానర్ ఉన్న చోటు వెతుక్కోవాలి, బండి ఆగినన్ని రోజులూ కిరాయి పోతుంది, పాత డీజిల్ పంపు అయితే ఊళ్లోనే విప్పి బిగించేవారు దొరుకుతారు. అయితే ఇంజిన్ అంటే చక్రాలు తిప్పే బలం మాత్రమేననీ, ఆ బలం ఎక్కడి నుంచి వచ్చినా బండికి ఒకటేననీ అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. మహీంద్రా పికప్‌లలో పాత డీఐ ఇంజిన్, తర్వాత వచ్చిన కామన్ రైల్ ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది) రెండూ 2523 సీసీవే కావడం వల్ల ఈ అపోహ మరింత బలపడింది.

మన తప్పెటగుళ్ళ బృందాన్ని ఒకసారి తలచుకోండి. ముందు నిలిచినవాడు పాట ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు, అతని గొంతులో వేగం పెరిగిందంటే గుండెల మీది తప్పెటల దరువూ కాళ్ల గజ్జెల అడుగూ వెంటనే మారిపోతాయి. కొత్త పికప్ అచ్చంగా అలాంటి బృందమే, అందులో పాట ఎత్తుకునేది ఈసీయూ, అంటే ఇంజిన్‌ను అదుపు చేసే చిన్న కంప్యూటరు. క్రాంక్ సెన్సార్, క్యామ్ సెన్సార్, రైల్ ప్రెషర్ సెన్సార్ చెప్పే సంగతులు విని, ఏ సిలిండర్‌లోకి ఏ క్షణంలో ఎంత డీజిల్ కొట్టాలో అది నిర్ణయిస్తుంది. పాత ఇంజిన్‌లో డీజిల్ చిమ్మే నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడికి తెరుచుకునేది, నేటి కామన్ రైల్‌లో ఒత్తిడి 1600 బార్‌ను కూడా దాటుతుంది కాబట్టి, అంత ఒత్తిడిని క్షణక్షణం లెక్కకట్టి అదుపు చేసేవాడు లేకుండా ఆ పాట సాగదు.

పాత డీఐ ఇంజిన్ ఒంటరి గాయకుడు. యాక్సిలరేటర్ కేబుల్ పంపు లివర్‌ను లాగుతుంది, వేగం హద్దు మీరకుండా పంపులోని గవర్నర్ చూసుకుంటుంది, అతనికి ఎవరి తోడూ అక్కరలేదు. అతని గొంతు గొప్పదని నేనూ ఒప్పుకుంటాను, ఆ ఇంజిన్ల మీదే నేను పని నేర్చుకున్నాను. కానీ కొత్త బృందం మధ్యలో నిలబెడితే అతను తన పాట తాను పాడుకుంటాడు తప్ప ఎవరికీ అందివ్వడు.

[తెరపై: కొత్త యాక్సిలరేటర్ పెడల్ దగ్గరి దృశ్యం.]

ఈ పెడల్‌కు కేబుల్ తగిలించే కొక్కెం లేదు, లోపల రెండు సెన్సార్లు మాత్రమే ఉన్నాయి. అంటే పెడల్ మార్చాలి, క్యాబిన్ గోడకు కొత్తగా రంధ్రం చేయాలి. మీటరు బోర్డులో ఆర్‌పీఎం ముల్లు ఈసీయూ మాట కోసం ఎదురుచూస్తూ సున్నా దగ్గరే ఉండిపోతుంది. తాళం తీసేస్తే కొత్త ఇంజిన్‌కు ఈసీయూ డీజిల్ ఆపేస్తుంది, పాత ఇంజిన్‌కు పంపు మీది స్టాప్ సోలినాయిడ్‌కో స్టాప్ కేబుల్‌కో విడిగా ఏర్పాటు చేయకపోతే తాళం చేతిలోకి వచ్చినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది.

అన్నింటికంటే నన్ను భయపెట్టేది బ్రేకు. డీజిల్ ఇంజిన్‌లో పెట్రోల్ ఇంజిన్‌లోలాగా బూస్టర్‌కు (మన కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే డబ్బా) సరిపడే వాక్యూమ్, అంటే గాలి పీల్చే శక్తి, దానంతట అది పుట్టదు కనుక దానికి వేరే పంపు ఉంటుంది. చాలా పాత ఇంజిన్లలో ఆ పంపు, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనుకే బిగించి ఉంటుంది. వేరొక చోట ఇంజిన్ మార్పించుకుని మా షెడ్డుకు వచ్చిన ఒక బండికి, కొత్తదని చెప్పి వాక్యూమ్ పంపు లేని ఆల్టర్నేటర్ బిగించారు. పెడల్ రాయిలా ఉంది. ఆ బండి సాలూరు ఘాట్‌లో లోడుతో దిగి వచ్చిందని డ్రైవరు చెప్పినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఇంజిన్ మార్చిన ఏ బండినైనా షెడ్డు దాటించే ముందు ఇలా చూడండి: ఇంజిన్ ఆపి బ్రేకు పెడల్‌ను గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కి, కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితేనే బూస్టర్‌కు వాక్యూమ్ అందుతున్నట్లు.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. బెల్ హౌసింగ్ రంధ్రాలు, ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, గేర్‌బాక్స్ షాఫ్టు పళ్లు, ఇంజిన్ ఆయిల్ చాంబర్ అడుగు, చాసిస్ అడ్డ దూలమైన క్రాస్ మెంబర్‌కు తగులుతుందా లేదా అన్నవి ఇంజిన్ కొనక ముందే కొలుచుకోవాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. 2020 ఏప్రిల్ తర్వాత రిజిస్టరైన బీఎస్-6 బండిలో (బీఎస్ అంటే పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) బీఎస్-3 కాలపు ఇంజిన్ పెడితే ఆర్సీతో పొంతన ఉండదు, ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. ఇంజిన్ నిజంగానే పోయి ఉంటే అదే తయారీ, అదే రకం ఇంజిన్ తీసుకుని, రవాణా శాఖ అనుమతితో కొత్త ఇంజిన్ నంబరును ఆర్సీలో ఎక్కించుకోండి.

పోయింది ఇంజెక్టర్లు మాత్రమే అయితే, ముందుగా డీజిల్‌లో నీరు చేరిందేమో చూడండి. ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ మరను వదులు చేసి, కింద ఒక గాజు గ్లాసు పట్టండి. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే నీరు అడుగుకు చేరి డీజిల్ పైకి తేలుతుంది, గ్లాసులో ఆ గీత కనిపిస్తే ట్యాంకు కడిగించి ఫిల్టర్ మార్చిన తర్వాతే కొత్త ఇంజెక్టర్లు బిగించండి.