ఆ క్లిప్ ఎక్కడ ఆగిందో చూడండి

అందరికీ నమస్కారం. జర్నలిజం చదువుతున్న మీతో ఎన్నికల ప్రసంగాల గురించి మాట్లాడమన్నారు. నేను ప్రసంగాల్లోంచి కోసిన ముక్కల గురించి మాట్లాడతాను. గంటసేపు సాగిన సభలోంచి ఇవాళ ఓటరు ఫోన్‌కి చేరేది అరనిమిషమే.

2017 నవంబరు. గుజరాత్ అసెంబ్లీ ఎన్నికల ప్రచారంలో రాహుల్ గాంధీ పాటన్‌లో మాట్లాడారు. ఇటు నుంచి ఆలుగడ్డ వేస్తే అటు నుంచి బంగారం వచ్చే మెషీన్ పెడతానన్న ఆ క్లిప్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ వెంటనే ఆయన, ఇవి నా మాటలు కావు, నరేంద్ర మోదీ గారి మాటలు అన్నారు. ఆ వాక్యం మాత్రం క్లిప్‌లో లేదు. ఎదుటివాళ్లని ఎత్తిపొడవడానికి వాడిన మాట ఆయన సొంత హామీ అయి కూర్చుంది.

ఇందులో రాహుల్‌కి జరిగిన అన్యాయం సరే. నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. మోదీ ఆ మాట ఎక్కడ అన్నారు, ఎప్పుడు అన్నారు, చూపించండి అని ఆ రోజు రాహుల్‌ని గట్టిగా నిలదీయాల్సింది. క్లిప్ చూసి నవ్వుకున్నవాళ్లకి ఆ ప్రశ్న తట్టే దారే లేదు. ఆయన్ని వ్యతిరేకించేవాళ్ల చేతిలోంచి కూడా ఒక న్యాయమైన ప్రశ్న జారిపోయింది.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. 2008 అక్టోబరులో, అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒబామా, 'ఆర్థిక వ్యవస్థ గురించే మాట్లాడుతూ ఉంటే మనం ఓడిపోతాం' అని తన ప్రత్యర్థి మెకెయిన్ వర్గం అన్నదంటూ ఎద్దేవా చేశారు. మూడేళ్ల తర్వాత, 2011 నవంబరులో, వచ్చే ఎన్నికల్లో ఒబామా మీద రిపబ్లికన్ అభ్యర్థి కావాలనుకుంటున్న మిట్ రామ్నీ ప్రచార బృందం ఒక టీవీ ప్రకటన తయారుచేసింది. అందులో ఒబామా గొంతు వినిపిస్తుంది, ఆ వాక్యమూ వినిపిస్తుంది, మెకెయిన్ ఊసే ఉండదు. అప్పటికి ఒబామా అధ్యక్షుడు కాబట్టి, ఆయనే తన పాలన చూసి భయపడుతున్నట్టు అనిపిస్తుంది. నిజ నిర్ధారణ చేసేవాళ్లు అది పచ్చి అబద్ధమన్నారు. రామ్నీ వర్గం వెనక్కి తగ్గలేదు.

రెండు నెలలు తిరక్కుండానే అదే దెబ్బ రామ్నీకి తగిలింది. 2012 జనవరి 9న, న్యూ హాంప్‌షైర్ ప్రైమరీకి, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్‌కి ముందురోజు, ఆ రాష్ట్రంలోని నాషువాలో ఆయన ఆరోగ్య బీమా గురించి మాట్లాడారు. కంపెనీ సేవ నచ్చకపోతే దాన్ని వదిలించుకునే స్వేచ్ఛ మనకుండాలి, నాకు సేవ అందించేవాళ్లని తీసేయగలగడం నాకిష్టం అన్నారు. 'మనుషుల్ని ఉద్యోగంలోంచి తీసేయడం నాకిష్టం' అన్నంత వరకే జనంలోకి వెళ్లింది. ఆయన పాత వృత్తి, కంపెనీలు కొని నడిపిన చరిత్ర తెలిసినవాళ్లకి అది చక్కగా అతికింది. క్లిప్‌ బలం అంతా ఇక్కడే ఉంది. ఒక మనిషి గురించి మనం ముందే అనుకుంటున్నదానికి సరిపోతే చాలు, ముందూ వెనకా ఏముందో వెతకబుద్ధి కాదు. ఆ మాట మీద విరుచుకుపడినవాళ్లలో ఆయన సొంత పార్టీలోని పోటీదారులూ ఉన్నారు.

కొన్నిసార్లు కత్తిరింపు కూడా అక్కర్లేదు. 2004 జనవరిలో డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీపడి, అయోవా రాష్ట్రంలో మూడో స్థానంలో వచ్చిన రాత్రి హోవార్డ్ డీన్ కార్యకర్తల్ని ఉత్సాహపరుస్తూ పెట్టిన కేక వినండి. ఆ హాలు హోరెత్తిపోతోంది, ఆయన చేతిలోని మైకు ఆయన గొంతునే పట్టుకుంది. టీవీలో చూసినవాళ్లకి ఖాళీ గదిలో అరుస్తున్న మనిషి కనిపించాడు.

అయితే ఈ వాదనని నాయకులు కవచంగా వాడుకుంటారు, అది మరీ ప్రమాదం. పట్టుబడిన ప్రతివాడూ నా మాటల్ని వక్రీకరించారు అంటాడు. 2012 సెప్టెంబరులో మదర్ జోన్స్ పత్రిక రామ్నీ రహస్య వీడియో ఒకటి బయటపెట్టింది. దేశంలో 47 శాతం మంది ప్రభుత్వం మీద ఆధారపడ్డవాళ్లు, తమని తాము బాధితులుగా భావించేవాళ్లు, వాళ్లు ఎలాగూ ఒబామాకే ఓటేస్తారు అని విరాళాలిచ్చేవాళ్ల ముందు ఆయన చెప్పారు. పత్రిక తన దగ్గరున్న వీడియో అంతా కూడా ఇచ్చింది. అదంతా విన్నాక కూడా ఆ మాట అర్థం మారలేదు. నాషువా మాటకి ఆయన్ని తప్పుపట్టలేం, ఈ మాటకి తప్పుపట్టి తీరాలి. రెండిటికీ వాడిన కొలత ఒకటే, ముందు ఏమన్నాడు, తర్వాత ఏమన్నాడు.

ఇక జయంతిని వర్ధంతి అనడం, అంకెలు తడబడటం, సొంత పార్టీకి బదులు ఎదుటి పార్టీకి ఓటేయమనడం, ఇవి ఉత్త నోరుజారడాలు. ఒకసారి నవ్వుకుంటే తప్పులేదు. వాటినే ఏళ్ల తరబడి తిప్పుతూ, పక్కన బ్రహ్మానందం ముఖం అతికించి, అదే రాజకీయ విమర్శ అనుకోవడం తప్పు. ఆ నాయకుడి శాఖలో ఏ పని జరిగింది, ఏది ఆగింది అని అడిగే ఓపిక మనకి పోతుంది. నాయకులు కూడా నేర్చుకుంటారు. రాసిచ్చిన కాగితం తప్ప ఇంకేమీ చదవరు, ప్రెస్‌మీట్‌లో ప్రశ్నలు తీసుకోరు.

పెద్ద నాయకులకి తట్టుకునే బలం, సోషల్ మీడియా టీములు ఉంటాయి. మన రెండు రాష్ట్రాల్లో పంచాయతీ సీట్లలో సగం మహిళలకి కేటాయించారు. మొదటిసారి మైకు పట్టుకున్న అభ్యర్థి 'తాగునీటి పైపులైన్' అనబోయి తడబడితే, ఆ ఐదు సెకన్లు తీసి రీల్ చేసేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. పైపులైన్ గురించి ఆమె చెప్పిన మిగతా పది నిమిషాలు ఎవరూ రికార్డు చేయరు. రేపు మీరు ఏ పత్రికలో చేరినా, ఏ చానల్లో చేరినా, ఆ పది నిమిషాల కోసం వెళ్లండి. ఆ ఊరికి నీళ్లు ఎప్పుడొస్తాయని ఆమెనే అడగండి, జవాబు మొత్తం వేయండి.