ఉప్పు నీళ్లలో పెరిగితే సెమీఆర్గానిక్ అయిపోదు!

నమస్తే. "సార్, గ్లైసిన్‌లో సోడియం క్లోరైడ్ కలిపి కొత్త సెమీఆర్గానిక్ క్రిస్టల్ పెంచాను, పచ్చ లైటు కూడా వచ్చింది." గ్లైసిన్ ఒక అమైనో ఆమ్లం, సోడియం క్లోరైడ్ మన ఉప్పే. సెమీఆర్గానిక్ అంటే ఆర్గానిక్ అణువు, ఇనార్గానిక్ సరుకు రెండూ ఒకే పలుకులో కలిసి కుదురుకున్న క్రిస్టల్. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. దాని వెనక నెలల కష్టం ఉంటుంది మరి.

పటికబెల్లం సంగతి చూడండి. చక్కెర పాకంలో దారం వేలాడదీస్తే చుట్టూ పలుకులు కడతాయి. అదే పాకంలో గుప్పెడు ఉప్పు వేశారనుకోండి. దారానికి పట్టేది అప్పుడూ పటికబెల్లమే. పైన అంటుకున్న ఉప్పు నాలుకకి తగలొచ్చు, కడిగితే పోతుంది.

గ్లైసిన్‌లోనూ ఇదే కథ, ఒక మెలికతో. ఉత్త నీళ్లలో అది మామూలుగా ఆల్ఫా రూపం కడుతుంది. అందులో అణువులు ఎదురెదురుగా జతకట్టి ఒకదాని ప్రభావాన్ని ఇంకోటి కొట్టేస్తాయి, ఎస్‌హెచ్‌జీ, అంటే లేజర్ కాంతి తరంగదైర్ఘ్యాన్ని సగం చేసే గుణం, రాదు. ఉప్పు కలిపితే గామా రూపం వస్తుంది. దానికి సౌష్ఠవ కేంద్రం లేదు, అంటే అణువులు అలా ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. అందుకే కంటికి కనిపించని 1064 నానోమీటర్ల లేజర్ పొడి మీద పడగానే 532 దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. చీకటి గదిలో ఆ పచ్చదనం చూస్తే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ వెలుగు గామా గ్లైసిన్‌ది. సోడియం, క్లోరిన్ బీకరులోనే ఉండిపోయాయి. ఆ మాటకొస్తే పటికబెల్లం పొడి కూడా పచ్చగా వెలుగుతుంది!

తేల్చేది సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్-కిరణాలతో పలుకు లోపలి అమరిక చూసే పరీక్ష. యూనిట్ సెల్‌లో, అంటే పలుకులో మళ్లీ మళ్లీ వచ్చే అతిచిన్న గడిలో, రెండు భుజాలు 7.04, మూడోది 5.48 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వచ్చాయా? అయితే అది 1950లలోనే తెలిసిన గామా గ్లైసిన్. కొత్త పేరు పెట్టకండి, దయచేసి.

మరి అసలైన సెమీఆర్గానిక్ ఏది? 1983లో చైనా శాస్త్రవేత్తలు వెలుగులోకి తెచ్చిన ఎల్-ఆర్జినిన్ ఫాస్ఫేట్, ఎల్ఏపీ. ఫాస్ఫారిక్ ఆమ్లం ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి ప్రోటాన్ ఇస్తుంది. రెండూ అయాన్లయి, హైడ్రోజన్ బంధాలతో ఒకే జాలకంలో కుదురుకుంటాయి. మన పలుకులోకి రెండో సరుకు నిజంగా చేరింది ఇక్కడే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఏ కాంతిని పీల్చుకుంటుందో చూసే యూవీ-విజిబుల్ పరీక్షలో 532, 1064 రెండు చోట్లా పారదర్శకంగా ఉండాలి. వేడికి ఎంతవరకు తట్టుకుంటుందో టీజీఏ, అంటే వేడిచేస్తూ బరువు చూసే పరీక్ష, చెబుతుంది. కోసి సానపట్టగలమా అన్నది వికర్స్ గట్టిదనం పరీక్షలో చూసుకోండి.

ఎల్ఏపీ పెంచేవాళ్లకి ఒక్క మాట. బీకరు మూతకి సన్న చిల్లులు పెట్టి వారాలపాటు కదపకుండా ఉంచుతాం కదా, రోజూ వెలుతురుకి ఎదురుగా చూడండి. సీడ్, అంటే పెంచడానికి వేసిన చిన్న పలుకు, పక్కన తెల్లటి నూలుపోగులా ఏదైనా తేలుతుంటే అది బూజు. ద్రావణాన్ని వెంటనే వడగట్టి, కొత్త సీడ్ వేయండి.